ముందు గొంతు, తర్వాత గొంతు

నా గొంతు మీకు వినపడదు కదా, ఇది కాయితం. నాకు అదే నయం. వినపడితే ఈపాటికి మీలో సగం మంది లేచిపోయి ఉందురు. గచ్చు మీద ఇనప బకెట్టు ఈడిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. పుట్టుకతోనే అంతట. మా ఊళ్ళో, శ్రీకాకుళం అవతల, నేను కేరుమనగానే బయట కూచున్న మా నాన్న మగపిల్లాడనుకుని లేచి నిలబడ్డాట్ట.

చెప్పేది నేను. రాసేది మునిర్కాలో మా పై గదిలో అద్దెకుండే పిల్ల. కలెక్టరు చదువు చదువుతోంది. నేనైతే సంతకం వరకే. "మా ఈడువాళ్ళకి రేడియో అంటే తెలీదు పిన్నీ, అన్నేళ్ళు రేడియో ఆఫీసులో చేశావు కదా, చెప్పు, రాస్తాను" అని కూచుంది. నా మాటని కాస్త దువ్వి, జడేసి రాస్తోంది. కూచున్నాక తెలిసింది దానికి, నా దగ్గర రేడియో కన్నా ఏడుపు ఎక్కువుందని. కన్నీళ్ళు పెట్టుకునే ఏడుపు కాదు. ఒకరిని చూసి ఏడవడం ఉంటుంది చూడండి, ఆ ఏడుపు.

ఆ ఒకరు ఎవరంటే, ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు చదివే ఆవిడ. పేరు చెప్పను. ఆఫీసులో అందరూ మేడమ్ అనేవాళ్ళు, ఇక్కడా అంతే.

మా ఆయన మిలిటరీ. ఎక్కడ పోస్టింగైనా క్వార్టర్లో సామాను దించగానే ముందు ట్రాన్సిస్టర్ని కిటికీలో పెట్టేవాడు. తెల్లారగానే ఆవిడ వార్తలు రావాలి. పక్కన మేకుకి అద్దం తగిలించి, మొహమంతా సబ్బు నురగ పూసుకుని, ఆవిడ చదువుతుంటే ఈయన గడ్డం గీసుకునేవాడు. ఏ ఊరు వరదలో మునిగిందని చెప్పినా, ఏ మంత్రి దిగిపోయాడని చెప్పినా, ఆవిడ చెబితే జున్నుముక్క నోట్లో పెట్టినట్టుండేది. అది నేనూ ఒప్పుకుంటాను. ఒప్పుకోవలసి రావడమే నా బాధ.

నేను వంటింట్లోంచి "నీళ్ళు కాగిపోనాయి, రావేటి!" అని కేకేస్తే, "అదిగో, మీడియం వేవ్ మొదలైంది" అని నవ్వేవాడు. పాత రేడియోలో మీడియం వేవ్ పెడితే గరగర, బరబర, మధ్యలో మాట. అదీ నాకు మా ఆయన ఇచ్చిన బిరుదు. పైగా సబ్బు చేతులతో రేడియోని ముట్టుకునేవాడు. సౌండు తిప్పే బటను చుట్టూ ఎప్పుడు చూసినా సబ్బు ఎండి తెల్లగా పెచ్చు కట్టి ఉండేది. దాన్ని గోటితో గీకుతూ తిట్టేదాన్ని. తిట్టేది ఆయన్ని, తగలవలసింది ఆవిడకి.

ఆయన పోయినప్పుడు మా అమ్మాయి చిన్నది. మా ఆయన పైన ఉండే పెద్దసారొకాయన ఎవరికో చెబితే, నాకు ఢిల్లీలో రేడియో ఆఫీసులో అటెండరు పని దొరికింది. మొదటి రోజు చాయ్ ట్రే పట్టుకుని ఒక గదిలోకి వెళితే, కుర్చీలో వెనక్కి వాలి ఫోన్లో కూరగాయల సంగతి మాట్లాడుతోంది ఆ గొంతు. మా ఇంట్లో తెల్లారగానే ఉండే ఆడమనిషి ఇదిగో, ఇక్కడుంది. బెండకాయలు ముదిరిపోయాయి అంటోంది, అదీ జున్నులాగే.

"చక్కెర వెయ్యకమ్మా" అంది నన్ను చూసి.

దేనికిలే, గొంతులో ఉంది కదా అనుకున్నాను.

ఆవిడ నాకు ఏ అపకారమూ చెయ్యలేదు. పండక్కి చీర పెట్టేది, మా అమ్మాయి జ్వరం గురించి అడిగేది. ఒక్క చెడ్డ మాట అని ఉంటే మనసారా ఏడుద్దును. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు మహాతల్లి. నేనేమో స్టూడియో బయట బల్ల మీద కూచుని, తలుపు మీద ఎర్రలైటు వెలిగినప్పుడల్లా, ఆ గదిలోకి ఒక్కసారి నన్ను పంపితే ఏం పోయింది వీళ్ళకి అనుకునేదాన్ని. నా గొంతు కూడా ఒక్కసారి రేడియోలో పలకాలి. వినడానికి మా ఆయన లేడని నాకూ తెలుసు. అయినా పలకాలి. ఆ కోరిక ఎవరితోనూ అనలేదు. ఈ గొంతుతో అంటే నవ్వరూ?

నేను రిటైరయ్యే ఏడు ఆఫీసులోకి డిజిటల్ రేడియో ప్రచారం వచ్చి పడింది. దానికో కుర్ర ఆఫీసరు. తెలుగువాళ్ళబ్బాయే, పుట్టి పెరిగింది ఢిల్లీ. నేను సారు అంటే, నన్ను ఆంటీ అనేవాడు. "ఆంటీ, నేను మీతో తెలుగే మాట్లాడతాను. ప్రాక్టీస్ అవుతుంది" అనేవాడు. మంచివాడే. తెలుగు మాటలన్నీ తెలుసు, ఏ మాట ఎక్కడ కూచుంటుందో తెలీదు.

ఈ డిజిటల్ ఏటంటే, పాత రేడియో మాటని ఉతికి, ఇస్త్రీ చేసి పంపిస్తే ఎలా ఉంటుందో అది. గరగర ఉండదు. ఒక స్టేషన్ వచ్చే చోట మూడు నాలుగు వస్తాయిట. కాకపోతే ఒకటి, పాత సెట్టులో రాదు, కొత్త సెట్టు కొనాలి. ఇంకొకటి, సిగ్నల్ అందకపోతే పాతదానిలాగ గరగరమంటూ అయినా ఉండదు, టక్కున నోరు మూసుకుంటుంది. ఉంటే పూర్తిగా ఉంటుంది, పోతే పూర్తిగా పోతుంది.

వచ్చిన చిక్కు జనంతో. ఓసారి సారు నన్ను కూడా బ్యానర్లు మొయ్యడానికి కరోల్ బాగ్ తీసుకెళ్ళాడు. దుకాణంలో "డిజిటల్ రేడియో దిఖాయియే" అంటే, కొట్టువాడు మామూలు రేడియోనే తీసి బల్ల మీద పెట్టాడు. దాని మీద అంకెలు ఎర్రగా వెలుగుతున్నాయి. "యే లో, డిజిటల్!" అన్నాడు. అంకెలు వెలిగితే డిజిటల్ అనుకున్నాడు పాపం. సారు ఎంత చెప్పినా, "సాబ్, దేఖో నా, నంబర్ చమక్ రహా హై" అంటాడు. అక్కడే చాయ్ తాగుతున్న కోచింగ్ పిల్లల్ని పట్టుకుంటే, "ఫోనుంది కదండీ, రేడియో ఎందుకు?" అన్నారు. ఇంకొకడు, "కరెంట్ అఫైర్స్‌లో ఈ ప్రశ్న వస్తుందా సార్?" అని అడిగాడు. వస్తే నేర్చుకుంటాట్ట, వినడట.

సారు తిరిగొస్తూ మెట్రోలో దిగాలుగా అన్నాడు. "చెబితే లాభం లేదు ఆంటీ. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి వినిపించాలి."

అలా పుట్టింది ఆ ఆలోచన. కంటోన్మెంట్లో మన తెలుగు మిలిటరీ కుటుంబాలు చాలా ఉన్నాయి కదా, వాళ్ళ మైదానంలో ఒక ఆదివారం పొద్దున్న టెంటు వేసి వినిపించాలని. మర్నాడు సారు నా బల్ల దగ్గరికే వచ్చాడు.

"ఆంటీ, మీ గొంతు కావాలి."

"నాదా? దేనికి బాబూ?"

"ప్రోగ్రామ్‌కి. ముందు మీ గొంతు, తర్వాత మేడమ్ గొంతు. స్టేషన్ నుంచి నిజంగా వదులుతాం."

నాకు చెవులు గింగురుమన్నాయి. "ముందు నాదా?"

"ఆఁ. ముందు మీదే. మీలాంటి గొంతు ఆఫీసులో ఎవరికీ లేదు ఆంటీ. మేడమే చెప్పారు మీ గురించి."

ముందు నాది. తర్వాత ఆవిడది. ఇన్నేళ్ళ తర్వాత ఆవిడ కన్నా ఒక అడుగు ముందు నేను. ఆ పూట చాయ్ ఎవరికి చక్కెర వేశానో, ఎవరికి వెయ్యలేదో తెలీదు. మేడమ్‌కి మాత్రం వేసినట్టున్నాను, ఒక్క గుక్క తాగి కప్పు పక్కన పెట్టేసింది.

రికార్డింగు రోజు వరకూ నేను గొంతుకి చేసిన సేవ పసిపిల్లకి కూడా ఎవరూ చెయ్యరు. ఉప్పునీళ్ళు పుక్కిలించాను. మిరియాల కషాయం తాగాను. పటికబెల్లం బుగ్గన పెట్టుకుని పడుకున్నాను. వీధిలో ఎవరితోనూ మాట్లాడలేదు, మా అమ్మాయి ఫోన్ చేస్తే తీసి ఊరుకున్నాను. "మమ్మీ? మమ్మీ, సబ్ ఠీక్ హై నా?" అని అది కంగారు పడింది.

ఎర్రలైటు వెలిగింది. లోపల నేను. అద్దం అవతల రికార్డింగు చేసే పంజాబీ భయ్యా, పక్కన సారు. "నమస్కారం. నేను రోజూ రేడియో వింటాను. ఈ రోజు మీరూ వినండి" అనాలి. అన్నాను. నాకే ముచ్చటేసింది, ఎంత నున్నగా వచ్చిందో!

అద్దం అవతల ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. సారు తలుపు తీసుకుని లోపలికి వచ్చాడు.

"ఆంటీ, గొంతుకి ఏమైంది?"

"బాగుంది కదా బాబూ?"

"అది కాదు ఆంటీ, మీ గొంతు కావాలి. రోజూ ఉండే గొంతు."

భయ్యా లేచొచ్చి, "ఆంటీజీ, ఏక్ కామ్ కరో. క్యాంటీన్‌లోకి వెళ్ళి ఆ కప్పులు కడిగేవాడిని కాసేపు తిట్టి రండి" అన్నాడు, హిందీలో. నేను వెళ్ళాను. తిట్టాను. వాడు ఏ తప్పూ చెయ్యలేదు పాపం. వచ్చి మళ్ళీ చెప్పాను, బకెట్టు గచ్చు మీదికి వచ్చేసింది. నీళ్ళు అడిగితే, "నహీఁ నహీఁ, పానీ మత్ పీనా!" తాగొద్దని భయ్యా చేతులు ఊపాడు. అయ్యాక బొటనవేలు పైకెత్తి, "వాహ్! బిల్కుల్ యహీ చాహియే థా" అన్నాడు, సరిగ్గా ఇదే కావలసిందిట.

ఇంత గట్టిగా చెప్పినా నాకు తట్టలేదు చూడండి. ఉన్నది ఉన్నట్టుగా కావాలనుకున్నారు, అదే గౌరవం అనుకున్నాను. వీధంతా చెప్పుకున్నాను. "ముందు నాది, తర్వాత మేడమ్‌ది" అని కూరలమ్మేవాడికి కూడా చెప్పాను. మా అమ్మాయిని గురుగ్రామ్ నుంచి రమ్మన్నాను. కొత్త కారు కొనుక్కుంది, ఆఫీసుకి అందులోనే పోతుంది. "ఆజా బేటా, మీ అమ్మ రేడియోలో వస్తోంది" అంటే, "సచ్చీ?" అని ఎగిరింది. దాంతో ఎప్పుడూ హిందీలో బతిమాలాలి, నా కూతురు.

ఆదివారం వచ్చింది. చలికాలపు ఎండ. టెంటు నిండా మనవాళ్ళు. చాపల మీద ఆడవాళ్ళు స్వెట్టర్లు అల్లుకుంటూ, మగవాళ్ళు నిలబడి. ముందు వరసలో పార్వతీపురం మనిషి, నన్ను పిన్నీ అనే హవల్దారు పెళ్ళాం ఉంది. దాని నోటికి జడిసి ఆ క్వార్టర్ల లైన్లో కుక్కలు మొరగవు. మేడమ్ పట్టుచీర కట్టుకుని కుర్చీలో కూచుంది. ఆ రోజు నేనూ పట్టుచీరే. బల్ల మీద పాత రేడియో ఒకటి, కొత్త రేడియో ఒకటి.

సారు మైకు తీసుకున్నాడు. "అందరికీ నమస్కారం. ఇప్పుడు మీకు తేడా చూపిస్తాను. ఇదిగో, ముందు!" అని పాత రేడియో మీద చెయ్యి వేసి తిప్పాడు.

గరగర. బరబర. దాని మధ్యలోంచి, "నమస్కారం. నేను రోజూ..."

"ఓలమ్మో!" అంది హవల్దారు పెళ్ళాం. "ఇది మన పిన్ని గొంతు కాదేటి!"

టెంటంతా గొల్లున నవ్వింది. నేనూ నవ్వాను. గర్వంగానే నవ్వాను. నా గొంతు నిజంగా గాలిలోకి ఎక్కింది, ఆకాశంలోంచి వచ్చి ఆ డబ్బాలో పడింది.

అప్పుడు సారు అన్నాడు. "విన్నారా? ఇదీ పాత రేడియో. ఇన్నాళ్ళూ మీరు ఈ గరగర భరించారు. ఇది 'ముందు.' ఇప్పుడు వినండి, 'తర్వాత!'"

కొత్త సెట్టులోంచి మేడమ్. "నమస్కారం. ఈ రోజు మీరూ వినండి." చాప మీద సూది పడితే వినపడేంత నిశ్శబ్దం. అల్లుతున్న చేతులు ఆగిపోయాయి.

ఆ నిశ్శబ్దంలో నాకు తెలిసింది, సారు ముందు అన్నది ఏ ముందో. సబ్బు ప్రకటనల్లో రెండు మొహాలు చూపిస్తారు కదా, ముందు మొహం, తర్వాత మొహం. నేను ముందు మొహాన్ని. నేను 'మొదట' అని అనుకున్నాను, సారు 'మునుపు' అని అన్నాడు. ఆ అబ్బాయి హిందీలో పహలే అన్నా నేను ఇదే గోతిలో పడేదాన్ని. ఆ మాటకీ రెండు మొహాలే.

"పిన్నీ, మీ గొంతుకి మందు దొరికిందన్నమాట!" అని హవల్దారు పెళ్ళాం మళ్ళీ అంటించింది. మళ్ళీ నవ్వు. ఈసారి నాకు రాలేదు. వెనక నిలబడ్డ మా అమ్మాయి నా వైపు చూసి, చూడనట్టు ఫోను తీసుకుంది.

తర్వాత జనం సారుని పట్టుకున్నారు. ఎక్కడ దొరుకుతుంది? దుకాణాల్లో లేదే? ఫోన్లో రాదా? సారుకి చెమటలు పట్టాయి. ఆఖరికి, "మీలో కొత్త కారు ఎవరికుంది? చాలా కొత్త కార్లలో ఇది ఉండే ఉంటుంది, మీకే తెలీదు" అన్నాడు. మా అమ్మాయి చెయ్యెత్తింది. సారు వెళ్ళి దాని కారులో తెర మీద ఏదో నొక్కాడు, వచ్చేసింది! "ఇది ఇందులో ఉందా? నేను కొన్నప్పటి నుంచీనా?" అని మా అమ్మాయి హిందీలో నోరు తెరిచింది. టెంటంతా లేచి కారు చుట్టూ మూగింది.

టెంటులో మిగిలింది మేమిద్దరం. నేనూ, ఆవిడా. బల్ల మీద పాత రేడియోని ఎవరూ ఆపలేదు. దాంట్లో ఏదో పాట, గరగరమంటూ.

"కూచోమ్మా" అంది మేడమ్. నేను నిలబడే ఉన్నాను.

"నిన్ను అడగమని ఆ అబ్బాయికి చెప్పింది నేనే" అంది. "స్టూడియో బయట కూచుని ఆ లైటుకేసి చూసేదానివి కదా. ఒక్కసారైనా లోపలికి వెళ్తావని చెప్పాను. ఇలా వాడుకుంటాడనుకోలేదు."

చూశారా? ఎవరితోనూ అనని ఆ కోరిక ఆవిడకి తెలుసు. ఆవిడ దయ కూడా ఆవిడ గొంతు లాంటిదే, వంక పెట్టడానికి చోటుండదు. నాకు ఒళ్ళు మండింది.

"నీకు నయం" అంది మళ్ళీ. "ఆ కొత్త సెట్టులో నా గొంతు విన్నావా? నా పళ్ళసెట్టు కూడా వినపడుతోంది. ఊపిరి తీసుకోవడం, ఆయాసం, అన్నీ. పాత రేడియోలో ఆ గరగర వెనక నా వయసు దాక్కునేది. ఇక దాక్కోవడానికి చోటు లేదు."

మళ్ళీ తలుచుకుని చూస్తే నిజమే, ఆయాసం ఉంది. సంతోషపడదామనుకున్నాను. కుదరలేదు. ఆవిడ ముసలితనం కూడా తియ్యగానే ఉంది. మీరే చెప్పండి, ఇక నేనెక్కడికి పోను?

ఎందుకన్నానో తెలీదు, ఇన్నేళ్ళూ దాచిన మాట నోట్లోంచి వచ్చేసింది. "మా ఆయన మీ వార్తలు వింటూ గడ్డం గీసుకునేవాడండి."

పాట గోలలో ఆవిడకి వినపడలేదు. చెయ్యి చాపి, ఆ పాత రేడియో బటను తిప్పి సౌండు తగ్గించి, మొహం నా వైపు ఎత్తి, "ఏంటమ్మా?" అంది.

ఆ చెయ్యి చూశాను. బటను మీద ఆ వేళ్ళు.

సగం నురగ మొహంతో మా ఆయన. కిటికీ వైపు చాపిన సబ్బు చెయ్యి. నేను వంటింట్లోంచి కేకెయ్యగానే ఆ బటను తిప్పేవాడు, ఇటు తిరిగేవాడు, "ఏటే?" అనేవాడు. కేక వేసిన ప్రతిసారీ. ఎప్పుడు చూసినా ఆ బటను చుట్టూ సబ్బెందుకు పెచ్చు కట్టి ఉండేదో, దాన్ని గోటితో గీకి గీకి తిట్టిన నాకు అప్పటిదాకా తట్టలేదు. దేశం వార్తలు మధ్యలో ఆపి, ఆ జున్ను గొంతుని అణచి, బకెట్టు గొంతుని విన్నాడు మహానుభావుడు. అంతటి మేడమ్‌ని రోజూ నోరు మూయించింది నేను.

"ఏంటమ్మా? ఏదో అన్నావు" అని మళ్ళీ అడిగింది ఆవిడ.

"ఏం లేదండి. చాయ్ తెస్తాను" అన్నాను. చక్కెర లేకుండా తెచ్చిచ్చాను.

"చెప్పాల్సింది పిన్నీ, ఆవిడ సంతోషపడేది" అంటోంది ఈ రాసే పిల్ల. పడితే పడేది. సగం మాట చెబితే ఆవిడకి సంతోషం, రెండో సగం చెబితే నాకు సంతోషం. ఆవిడకి ఊరూరా వినేవాళ్ళున్నారు. నాది ఒక్క బటను. అది కూడా ఇచ్చెయ్యాలా?

మధ్యాహ్నం మా అమ్మాయి కారులో మునిర్కా బయల్దేరాం. ఆ రోజంతా స్టేషన్ వాళ్ళు పాటల మధ్యమధ్యలో ఆ ముక్కల్నే తిప్పి తిప్పి వేశారు. దాని కారులో కొత్త రేడియో కదా, 'ముందు' రాదు, 'తర్వాతే' వస్తుంది. మేడమ్ నమస్కారం పెడుతూనే ఉంది. మా ఇంటి దగ్గర రోడ్డు సొరంగంలా నేల కిందికి దిగి వెళ్తుంది, అందులోకి దిగగానే టక్కున ఆవిడ మాట ఆగిపోయింది. గరగర కూడా లేదు.

"మమ్మీ, ఆవాజ్ కహాఁ గయీ?" అంది మా అమ్మాయి, గొంతేదీ అని తెర మీద కొడుతూ.

ఆ రోడ్డు ఇంకాస్త పొడుగుంటే బాగుండుననుకున్నాను. ఇంతలో ఎండలోకి వచ్చేశాం, ఆవిడా వచ్చేసింది.

"కిత్నీ మీఠీ ఆవాజ్ హై, మమ్మీ" అని, ఎంత తియ్యటి గొంతో అని మురిసిపోతూ మా అమ్మాయి సౌండు పెంచింది.

"పెంచుకో, పెంచుకో" అన్నాను. "మీ నాన్నయితే తగ్గించీవోడు."